ఎదురింటికి అరువు

వంటమనిషి ఉల్లిపాయలు తరుగుతుంటే, ఇంటావిడ ఫోన్ చూసుకుంటూ వంటగదిలోకి వచ్చింది.

"ఆదివారం నువ్వు ఎదురింట్లో వండాలి. నలభై మందికి విందట. పంపిస్తానని మాటిచ్చేశాను."

"ఆదివారం నాకు సెలవమ్మా. మా అమ్మాయి పరుగుపందెం ఉందని నెల ముందే చెప్పాను."

"పందేలదేముంది, మళ్లీ వస్తాయి. ఎదురింటావిడ క్లబ్బు సెక్రటరీ. మా మెంబర్‌షిప్ ఆవిడ చేతిలో ఉంది."

"నన్నొక్క మాట అడగాల్సింది కదా."

"ఇందులో నిన్ను అడిగేదేముంది? ఎదురింటికేగా."

వంటమనిషికి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"ఆవిడ ఆ రోజుకి మీ కొత్త కారు కూడా అడిగారుగా. ఇస్తున్నారా?"

"కారెలా ఇస్తాం? ఎవరు నడుపుతారో, ఎలా వాడతారో. చిన్న గీత పడినా ఆయన ఊరుకోరు."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఇంటావిడ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

వంటమనిషి చేతులు కడుక్కుని, తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుంది. కత్తి పిడిని ఇంటావిడ వైపు తిప్పి గట్టు మీద పెట్టింది.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. మిగతావి మీరు తరగండమ్మా. మాటిచ్చింది మీరు. నలభై మందికి వండాలంటే ఆదివారంలోగా కాస్త చెయ్యి తిరగాలి కదా."