దుర్గ పేరు తీసేసిన పాట

“మామ్మగారూ, రికార్డింగు పెట్టేశాను. ఆ పాట మీకెలా పుట్టిందో మొదట్నుంచీ చెప్పండి. మన తెలుగు సంఘం పుస్తకంలో వేస్తాం.”

పెట్టేసేవా? ఆయ్. ముందు ఆ జంతికలు తిను తల్లీ, పొద్దున్నే వేసేను. ఎలా పుట్టిందీ అంటే... అసలు నాకు పుట్టలేదమ్మా అది. అదీ సంగతి. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పుకొచ్చేను, “ఏదో అలా వచ్చేసిందండీ” అని. నువ్వేమో నా మనవరాలి ఈడుదానివి. నీ మొహం చూస్తుంటే ఆ మాట నోటికి రావట్లేదు. ఉండు, వరసగా చెప్పనీ.

నేను దుబాయ్ వచ్చిన కొత్తలో ఈ ఫోన్లెక్కడివి? కేసెట్లో మాట్లాడి, ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. ఖాళీ కేసెట్ రెండు దిర్హాములో, మూడో. మా ఆయనైతే ఊర్నుంచి కేసెట్ ఒకపక్కంతా దగ్గే పంపేవాడు, మాటలు రాక. పోయేడులే పాపం, మంచోడే. ఏం చెప్తున్నానూ? ఆ, గొంతు. చిన్నప్పట్నుంచీ మా ఊరి చర్చిలో పాడేదాన్ని కదా, నా గొంతు బావుంటుందని అందరూ అనేవారు. గొంతే బావుంటుంది. పాట కట్టడం నాకు చేతకాదు.

పాట కట్టింది నాగమణి. అమలాపురం పక్కన వాళ్ళది. ఒక అరబ్బుల ఇంట్లో వంటకి ఉండేది. కరోనా వచ్చేటప్పటికి కఫీల్, అదే ఆ ఇంటి యజమాని, కొన్నాళ్ళు రావద్దన్నాడు, ఇదిగో ఈ ఫ్లాటులోనే మా అయిదుగురితో చిక్కడిపోయింది. చదువు రాదు దానికి. కానీ గిన్నెలు తోముతూ పాటలు కట్టేసేది, మనం ఉల్లిపాయలు తరిగినంత తేలిగ్గా. ఇద్దరు పిల్లల్ని ఊళ్ళో చెల్లెలు దుర్గ దగ్గర వదిలొచ్చింది. ఆ దుర్గ పెళ్ళి కూడా వద్దనుకుని ఆ పిల్లల్ని సాకింది. దానికోసం కట్టింది పాట.

“ముద్ద కలిపే చెయ్యి నీదే దుర్గా,
మింగుడు పడనిది నాకే దుర్గా” అని.

విన్నావా? రెండు ముక్కల్లో దాని బతుకంతా చెప్పేసింది.

అప్పుడే దానికి జొరం వచ్చింది. బాల్కనీలో పక్కేసుకుంది, మాట పెగలట్లేదు. నన్ను పిలిచి, దూరం నుంచే, “వదినా, నువ్వు పాడి పంపవే దుర్గకి. నా గొంతు వింటే భయపడిపోద్ది” అంది. సరేనన్నాను. వంటింట్లో ఫ్యాను ఆపి, దాని ఫోన్‌లోనే పాడి పంపించేను. మొదటి రికార్డింగు అదే. అందులో వెనకాల కుక్కరు కూత కూడా వినపడుద్ది. “కట్టింది మీ అక్క, పాడింది నేను” అని చివర్లో చెప్పేను కూడాను. ఆ ఒక్కసారీ నిజం చెప్పేనమ్మా.

దుర్గ మురిసిపోయి పక్కింటివాళ్ళకి పంపింది, వాళ్ళు ఇంకోళ్ళకి. ఎవరు కత్తిరించేరో ఏమో, చివర నేను చెప్పిన మాట ఎగిరిపోయి పాటొక్కటే మిగిలింది. తిరిగి తిరిగి షార్జా, అబుదాబీ చుట్టేసి మళ్ళీ మా గుమ్మంలోకే వచ్చింది, గొంతు నాదని ఎవరో పోల్చేరు. అప్పటికి నాగమణి లేచి తిరుగుతోంది. ఒకరోజు సంఘం పెద్దాయనొకడు ఫోన్ చేసి, “రత్నకుమారి గారాండీ? పాట మీరే రాశారటగా? ఏడిపించేశారండీ” అన్నాడు.

గారు. ఇరవై ఏళ్ళ పైన ఈ దేశంలో వండిపెడుతున్నాను, నన్ను గారూ అన్నవాడు లేడు. “ఏదో అలా వచ్చేసిందండీ” అనేసేను.

నాగమణి ఎదురుగానే ఉంది. గోంగూర వలుస్తోంది. చెయ్యి ఆగింది. మళ్ళీ వలుచుకుంది. ఫోన్ పెట్టేసేక, “అది కాదే నాగమణీ, వాళ్ళే అలా అనుకుని...” అని నసిగేను. “పోన్లే వదినా, గొంతు నీదేగా” అంది. తిట్టినా బావుండును. సిగ్గేసింది. సిగ్గేస్తే ఏం లాభం, దిద్దుకోలేదుగా.

తర్వాత సంఘం వాళ్ళు పాట రికార్డు చేయిస్తామని బర్ దుబాయ్‌లో స్టూడియోకి రమ్మన్నారు. బట్టల షాపుల మీద చిన్న గది, గోడలకి దుప్పట్లు కొట్టేరు. తోడు రమ్మంటే నాగమణే వచ్చింది, నా గొంతుకి మిరియాల పాలు ఫ్లాస్కులో పోసుకుని మరీ. అక్కడ కీబోర్డు వాయించే అబ్బాయి “ఈ దుర్గ ఎవరండీ? పేరుంటే పాట అందరిదీ అవదు. ప్రియా అని పెడదాం” అన్నాడు. ప్రియుడెక్కడైనా ముద్దలు కలుపుతాడా, నువ్వు చెప్పు! నవ్వొచ్చింది నాకు. నవ్వి, మీ ఇష్టం బాబూ అన్నాను. నాగమణి వైపు చూళ్ళేదు.

పాడుతుంటే మూడో చరణం మర్చిపోయేను. నాది కాదుగా, ఎలా గుర్తుంటుంది? అద్దం అవతల నుంచి నాగమణి పెదాలతో అందించింది. అది చూసి ఆ అబ్బాయి, “భలే, ఈవిడకి కూడా మీ పాట వచ్చేసిందే! ఎవరు?” అన్నాడు. “మా రూమ్ మనిషి” అన్నాను. అది తల దించుకుని ఫ్లాస్కు మూత బిగించుకుంది.

ఆ తర్వాత హైదరాబాదులో ఎవరో చిన్నమ్మాయి వయొలిన్లూ అవీ పెట్టి మళ్ళీ పాడింది. మొదటే చెప్తుంది, రచన రత్నకుమారి అని. సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పేరు. పెట్లో ఉంది, ఎప్పుడూ కప్పుకోలేదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలుది ఇంకా చెప్పలేదు.

ఆ వయొలిన్ల పాట విని దుర్గ నాకు ఫోన్ చేసింది. నాకే, అక్కకి కాదు. “పాట మీదటగా వదినా. మా అక్క నాకోసం కట్టిందనుకున్నాను. మీ పాటలో నా పేరు ఇరికించి, తను కట్టిందని మీ చేతే చెప్పించి పంపిందన్నమాట” అంది. కోపంగా కాదమ్మా, మెత్తగా. “పోన్లే, ఆ మాత్రమైనా తలుచుకుంది. అక్కని అడగన్లెండి, చిన్నబుచ్చుకుంటాది” అంది. నేను కాదు అనాలి కదా? ఆ ఒక్క ముక్క చాలు కదా? “ఊఁ” అన్నాను. ఊఁ అని, పిల్లలెలా ఉన్నారని అడిగేను.

ఆ తర్వాత నాగమణి వీసా ఖలాస్ చేసుకుని ఊరెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉంటున్నారు. దుర్గ అడగదు, నాగమణి చెప్పదు. నాగమణికి తెలీనే తెలీదు, చెల్లెలు తనని అబద్ధాలకోరు అనుకుంటోందని. పండక్కి ఫోన్ చేస్తే నాగమణి ఇప్పటికీ “గొంతు జాగ్రత్త వదినా” అంటాది. నాకు చచ్చిపోవాలనిపిస్తుంది.

మీ పుస్తకంలో వేస్తారో మానేస్తారో మీ ఇష్టం. సంఘం వాళ్ళు నవ్వుకోనీ. శాలువా పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి. అయ్యో, ఏడవకే పిచ్చిదానా, నువ్వేం చేసేవు? వెయ్యేళ్ళు బతుకు. నీ చేతిపని నీ పేరు మీదే ఉండాలి, ఇంకోళ్ళది నీ నెత్తికి చుట్టుకోకూడదు.

అది ఇంకా ఎక్కుతోందా? అయితే ఆపకు. ఇటు దగ్గరగా పెట్టు. ఈ చివరిది మీకు కాదు, ముందు దుర్గకి పంపు. ఎవరూ కత్తిరించకుండా నువ్వే పంపు.

అమ్మా దుర్గా... నేను, రత్నం వదినని. బావున్నావా? పిల్లలు... అహఁ, మళ్ళీ పిల్లల మాటెత్తను... దుర్గా, ఆ పాట మీ అక్కదే. నీకోసమే కట్టింది. నీ పేరు తీసేసింది నేను. మీ అక్క నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదు తల్లీ. చెప్పింది నేను.