పడుకుంది

హలో… ఆ, నేనే.

లేదు, ఇంటికి వెళ్ళలేదు. షెడ్డులోనే ఉన్నా… ఆ, పాత వైపు. ఇంజన్లు విప్పే గది. ఇక్కడికి ఇప్పుడెవరూ రారుగా, మాట్లాడు.

ఎలా ఉన్నాడు?…

స్పృహ వచ్చిందా! ఎప్పుడు?… ఏమన్నా మాట్లాడాడా?…

ఊఁ.

…"కాలుందా" అనా? అదే అడిగాడా ముందు?… నువ్వేం చెప్పావు?…

ఏడవకు. చెల్లీ, ఏడవకు. మోకాలి కింద నుంచేగా తీశారు. మోకాలుంటే నయమని… డాక్టరన్నాడు. నాకేం తెలుసు, ఆయనన్నదే అంటున్నా.

ఇప్పుడేం చేస్తున్నాడు?… పడుకున్నాడా.

…ఏం లేదు. ఆ మాటే చెవిలో తిరుగుతోంది. పడుకోనీ.

మేనేజరు వచ్చాడా? అక్కడికి?… ఏమన్నాడు?…

"స్క్రీన్ చూసుకోకుండా బండికి ఎదురుగా వెళ్ళాడు, తప్పు అతనిదే." అలాగే అన్నాడా? పళ్ళు కూడా తెచ్చాడా. బాగుంది.

…అవును, రూలే. కరెంటు బండి కదా. ఆగి ఉన్నా, కదలబోతున్నా ఒకేలా ఉంటుంది. చప్పుడుండదు. లోపల స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తుంటే మేలుకుని ఉన్నట్టు. అది చూసుకుని వెళ్ళాలి. మూడు వారాలు అదే పాఠం చెప్పింది ట్రైనింగ్ అమ్మాయి. నా కూతురి వయసుంటుంది.

…నిజమే. మీ ఆయన అలాంటివాడు కాదు. స్క్రూ బిగించినా రెండుసార్లు చూస్తాడు.

కాగితమా?… ఆ, తప్పు తనదేనని వాళ్ళు రాసిందేగా. నా దగ్గరే ఉంది. దగ్గరున్నది నేనొక్కణ్ణేగా. బండి ఓనరు లోపల అద్దాలు ఎత్తుకుని ఫోన్లో ఉన్నాడు, ఏం వినలేదట. సాయంత్రంలోగా సంతకం పెట్టి ఇమ్మన్నారు.

…లేదు. ఇంకా పెట్టలేదు.

పెడితేనా?… పెడితే మీ ఆయన ఉద్యోగం పోతుంది. తప్పుచేసి పోయినట్టు పోతుంది. పాతవాళ్ళలో ఒక్కణ్ణే ఉంచుతామన్నారుగా. తనో, నేనో.

…ఆ. అప్పుడు నేనే.

అలా అనకు. "అన్నయ్య ఉన్నాడుగా" అని మాత్రం అనకు.

…ఎవరు పిలుస్తున్నారు? నర్సా. వెళ్ళు, వెళ్ళు… పెట్టెయ్యకు! నీకొకటి చెప్పాలి. ఫోన్ అక్కడే మంచం మీద పెట్టి వెళ్ళు. ఇప్పుడు పెట్టేస్తే మళ్ళీ చెయ్యలేను.

…

…

ఏదో కదిలింది. వచ్చావా?… చెల్లీ?

సరే, మాట్లాడకు. అదే మంచిది. మధ్యలో నువ్వేమన్నా అంటే నేను ఆగిపోతా.

మా షెడ్డులో ఒక మాటుంది. బండి కిందికి దూరేముందు, ఎదురుగా నిలబడేముందు, నేను బానెట్ మీద చెయ్యేసి, చెవి ఆనించి "పడుకుంది" అంటా. అంటే ఇంజన్ ఆగింది, వెళ్ళొచ్చని. ముప్పై ఏళ్ళు. నేనామాట అన్నాక ఎవడూ తాళం వంక కూడా చూసేవాడు కాదు. చెవుల మేస్త్రినిగా. మీ ఆయనేమనేవాడు— "మా బావకి పెళ్ళాం పిలిస్తే వినపడదు, పిస్టన్ దగ్గితే మాత్రం వీధి చివర్నుంచి పరిగెత్తుకొస్తాడు" అని. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నాకు బాగుండేది. నేనున్నది ఆ నవ్వులోనే.

ఇప్పుడీ చెవికి పనిలేదు. ఈ బండ్లు దగ్గవు, మూలగవు. వేటికేం జబ్బో అవే రాసి చూపిస్తాయి.

ఆ రోజు… ఆ బండి గోడ దగ్గర ఆగింది. మీ ఆయన ముందుకి వెళ్ళబోతూ నిలబడ్డాడు. నా వంక చూశాడు. అలవాటు కదా. కళ్ళతోనే అడిగాడు.

చెయ్యేశాను. చల్లగా ఉంది. చెవి ఆనించాను. ఏం లేదు.

"పడుకుంది" అన్నాను.

…

వెళ్ళాడు. ఒంగాడు. లోపలున్నాయన బ్రేకు మీంచి కాలు తీశాడు. పిల్లిలా కదిలింది. ఆయన కంగారుపడి ఇంకో పెడల్ తొక్కాడు. గోడ దాకా చప్పుడే లేదు.

తర్వాత వినపడింది. అది బండి చప్పుడు కాదు.

…

స్క్రీన్ ఎందుకు చూడలేదంటావా. నాలుగు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నా. కళ్ళజోడు జేబులోనే ఉంది. తీసి పెట్టుకుంటే చాలు. ట్రైనింగ్ అమ్మాయి ఆ చివర అద్దాల గదిలో ఉంది. ఇటు చూస్తోందో లేదో కూడా తెలీదు. చూస్తే? చెవుల మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, చిన్నపిల్లాడిలా స్క్రీన్ మీద అక్షరాలు కూడబలుక్కుంటూ… చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. అంతే కారణం. అంతే.

అంతేనా?

ఒక్కణ్ణే ఉంచుతామన్న రోజే నాకు తెలుసు, ఆ ఒక్కడు తనేనని. నాకంటే త్వరగా నేర్చుకున్నాడు. ఆ మాటన్నది అలవాటా, పొగరా, లోపలున్న ఇంకెవడోనా… వెతుకుతున్నా. ఎవడూ దొరకట్లేదు. లోపలంతా నిశ్శబ్దంగా ఉంది. అదే భయంగా ఉంది నాకు.

చెల్లీ?… తిట్టు. ఏదో ఒకటి అను.

…

ఆగు.

ఆ ఊపిరి నీది కాదు. ముక్కులో సన్నటి ఈల… ముప్పై ఏళ్ళు పక్క బల్ల దగ్గర విన్నాను దాన్ని.

బావా?

…ఎప్పట్నుంచి వింటున్నావు?… పడుకున్నావంది చెల్లి. పడుకున్నాడంటే నమ్మాను.

బావా, పలుకు.

నన్ను చూసే వెళ్ళావని గుర్తుందా నీకు?… లేకపోతే తప్పు నీదేననుకుంటున్నావా, అలా పైకప్పు చూస్తూ?…

…

పెట్టేశావా? ఏం వినపడట్లేదు… ఉండు. కళ్ళజోడు… ఏ జేబు… ఆ.

ఫోన్ మీద అంకెలు నడుస్తున్నాయి. పదకొండు నిమిషాల నలభై రెండు… మూడు… ఉన్నావు. ఈసారి చూసి చెప్తున్నా, బావా. ఉన్నావు.

పడుకుందని చెప్పింది నేనే. వాళ్ళు రాసిందంతా కొట్టేసి ఈ ఒక్క ముక్క రాస్తా. దానికింద పెడతా సంతకం.

…మాట్లాడక్కర్లేదు. విన్నానని ఒక్కసారి దగ్గు. చాలు నాకు.

బావా—

…

ఆగిపోయాయి అంకెలు.