ఒక స్కూలుకి ఒక్కటే సీటు

హలో… ఆ, నేనేనమ్మా. ఓడ్లింగ్ మిస్‌ని.

…స్కూల్లోనే ఉన్నాను, ఆఫీసు గదిలో. కంప్యూటర్ ముందు.

లేదు లేదు, కంగారు పడకు. నీ ఫారంలో తప్పేం లేదు… మార్కులన్నీ సరిగ్గానే ఎక్కించావు. వ్యాసం బావుంది… ఆ, నా సిఫారసు ఉత్తరం కూడా జత చేశాను.

…పంపలేదు. ఇంకా పంపలేదు కీలీ.

ఆరింటికి గడువని నాకు తెలీదా? ఇరవై రెండేళ్ళుగా ప్రతి అక్టోబరు పదిహేనునా ఈ కుర్చీలో కూర్చుని మన పిల్లల ఫారాలు కేంబ్రిడ్జికి పంపేది నేనే కదా… అయిదుంబావే అయింది, ఉండు.

ఎక్కడున్నావు?… ఇంట్లోనా. చిప్స్ కొట్లో పని లేదా ఇవాళ?… సెలవు పెట్టావా, దీని కోసం… ఏంటీ, కేకు కూడానా? ఫారం వెళ్ళగానే కొయ్యడానికి అమ్మమ్మ కేకు చేసిందా.

అయ్యో.

…ఏం లేదు, దగ్గొచ్చింది.

చూడు, ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఫారంలో పెట్టనిచ్చే ఒక్క కాలేజీగా నువ్వు థార్న్ హాల్ పెట్టావు కదా… అదే, కేంబ్రిడ్జి ఊరి చివర కొత్తగా కట్టింది. నీకు అది నిజంగా ఇష్టమేనా?

…"బానే ఉంది మిస్." బానే ఉండడం వేరు, ఇష్టం వేరు. జూలైలో నువ్వూ నేనూ హ్యారియట్టూ కాలేజీలు చూడ్డానికి వెళ్ళామా, థార్న్ హాల్లో నువ్వు పది నిమిషాలు నిలబడలేదు. సెయింట్ ఆస్విన్ కాలేజీలోంచి నిన్ను బయటికి లాక్కురావడానికి మాత్రం మా తాతలు దిగొచ్చారు. ఇంటికొచ్చే గ్రిమ్స్‌బీ రైలు తప్పిపోయేది ఇంకో నిమిషమైతే… నవ్వకు, నిజమే కదా.

హిస్టరీ చెప్పే ఆ డాక్టర్ ఆర్డెన్ ఉన్నది అక్కడే… ఆ, హెర్రింగ్ చేపల వేట మీద పుస్తకం రాసినాయన. ఆ పుస్తకం లైబ్రరీలో నాలుగుసార్లు మళ్ళీ నీ పేరునే రాయించుకున్నావట. "ఇంక ఆ పిల్లకే ఇచ్చేస్తాను, నాకు ముద్రలు కొట్టే పని తగ్గుతుంది" అంది లైబ్రరీ ఆవిడ నాతో… మీ తాత పనిచేసిన ఓడ పేరు అందులో ఉందనేగా. నీ వ్యాసం చివర్లో కూడా అదే రాశావు. ఇందాక పంపబోతూ ఒకసారి చదువుదామని తెరిచాను. చదివాక పంపలేకపోయాను.

మరి ఆయన ఇంటర్వ్యూ చేసే కాలేజీని వదిలేసి ఇది ఎందుకు పెట్టావు?

…

అవును. నేను చెప్పాననే.

"ఒక స్కూలు నుంచి ఒక సబ్జెక్టుకి ఒక్కళ్ళనే తీసుకుంటారు కీలీ. హ్యారియట్ హిస్టరీకి ఆస్విన్ పెడుతోంది. నువ్వూ అక్కడే పెడితే ఇద్దరూ ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నట్టవుతుంది, నువ్వు ఇంకోటి చూసుకో" అన్నాను. సెప్టెంబరులో. ఈ గదిలోనే.

అది అబద్ధం.

…అబద్ధమమ్మా. అలాంటి రూలు లేదు… ఆస్విన్‌లో లేదు, ఎక్కడా లేదు.

…కాదు, పొరపాటు పడలేదు. నువ్వు నాకు తప్పించుకునే దారి చూపించకు. ఆ మాట ప్రతి స్కూల్లోనూ టీచర్లు చెప్పుకునేదే, నేనూ ఏళ్ళ తరబడి నమ్మాను. నమ్మి చాలామంది పిల్లల్ని అటూ ఇటూ సర్దాను కూడా, అది వేరే సంగతి. కానీ జూలైలో ఆస్విన్‌లో సీట్ల వ్యవహారం చూసే ఆవిడనే అడిగాను, టీ తాగుతూ. ఆవిడ నవ్వేసింది. "ఇద్దరూ బావుంటే ఇద్దర్నీ తీసుకుంటాం, బాలేకపోతే ఇద్దర్నీ వద్దంటాం, ఏ స్కూలైతే మాకేంటి" అంది. మీరిద్దరూ అప్పుడు బయట, కాపలా ఆయన అరుస్తున్నా వినకుండా, ఆ తొక్కకూడని గడ్డి మీద ఫొటోలు దిగుతున్నారు.

అంటే తెలిసే చెప్పాను.

…హలో?… ఉన్నావా?

…ఎందుకేంటి. నిన్ను చూసి భయమేసి.

మీ ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడితే వాళ్ళు ఎవర్ని లోపలికి పిలుస్తారో నాకు తెలుసు కాబట్టి. హ్యారియట్ కష్టపడుతుంది, చెప్పింది చెప్పినట్టు చదువుతుంది. నువ్వు ఒక ప్రశ్న అడిగావంటే నేను ఇంటికెళ్ళి పుస్తకాలు వెతుక్కోవాలి… అయ్యో, పొగడ్త కాదు, జరిగేదే చెబుతున్నాను. నేనూ ఒకప్పుడు ఆస్విన్‌కే పెట్టాను. రాలేదు. నాకు రాకపోతే పోయింది, నా కూతురికైనా రావాలని… కడుపు తీపితో గడ్డి తిన్నాను కీలీ. ఇంతకంటే అందంగా చెప్పడానికి ఏం లేదు.

ఆరు వారాలు. రోజూ క్లాసులో నీ మొహం చూస్తూ, ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. నిన్న కారిడార్లో నువ్వు "థాంక్స్ మిస్, మీరు లేకపోతే ఏ కాలేజీ పెట్టాలో నాకు తెలిసేదే కాదు" అన్నావు చూడు… తల తీసేసినట్టయింది.

…ఏంటీ? "పర్లేదు మిస్" ఏంటి?

…అవును, థార్న్ హాల్ కూడా మంచిదే… అవును, వాళ్ళు వద్దన్నా, నీ ఫారం బావుంటే మిగతా కాలేజీలు చూసే వీలుంది, నిజమే… హ్యారియట్ బాధపడుతుందా… ఆ, పడుతుందేమో. మీరిద్దరూ నర్సరీ నుంచీ…

నిజంగానే అంటున్నావా?

…సరే అయితే. నీకే ఇష్టమైతే నేను… అలాగే పంపించేస్తాను. నీ మనసు చాలా పెద్దది కీలీ. ఇదిగో, ఒక్క నొక్కు నొక్కితే—

…

వద్దు. ఆగు.

ఫోన్ పెట్టెయ్యకు, విను. నువ్వు ఇలా అంటావని నాకు తెలుసు. సెప్టెంబరులోనూ తెలుసు. ఇదే మాట హ్యారియట్‌తో అనుంటే ఇల్లు పీకి పందిరేసేది. ఆ కాలేజీకే ఫోన్ చేసి "మీకు అలాంటి రూలుందా" అని అడిగేసేది. నువ్వు "సరే మిస్" అన్నావు. అంటావనే నీకు చెప్పాను. మెత్తగా ఉన్నావని నిన్నే నొక్కాను.

ఇప్పుడు కూడా చూశావా, అరనిమిషం కిందట నువ్వు పర్లేదనగానే నా ప్రాణం లేచొచ్చింది. ఛీ, అంత అధ్వాన్నంగా ఉంది నా బుద్ధి. ఇంకోసారి నాతో సరే అనకు… అనకు. తిట్టు. ఏదో ఒకటి అను.

…ఏడుస్తున్నావా?

…ఎవరది? ఎవరు తీసుకున్నారు ఫోను—

ఆ… అమ్మమ్మగారా. మోరీన్ గారూ, గుడీవినింగండి.

…విన్నారా. మొదట్నుంచీనా.

…ఆ. …ఆ. …అనండి.

…అవునండి, ఈ స్కూల్లో చదువుకున్న అయిదేళ్ళూ మీరు వడ్డించిన భోజనమే తిన్నాను… గుర్తుంది. కస్టర్డ్ రెండోసారి అడిగితే ఒక్కరోజూ లేదనలేదు… అవును… నాకు రెండోసారి పొయ్యడానికి ఇంకో పిల్ల గిన్నెలోంచి ఎప్పుడూ తియ్యలేదు మీరు. నిజమే. పడాల్సిందే ఈ మాట.

…లేదండి, ఉత్తరంలో ఏం తగ్గించలేదు. ఆ ఒక్కటీ నమ్మండి… నమ్మరా. సరే, నమ్మొద్దు. కాపీ పంపిస్తాను, మీరే చదువుకోండి.

…హెడ్ మాస్టరికా? చెప్పండి. రేపు పొద్దున్నే నేనూ చెబుతాను. ఆపైన ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం… మోరీన్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, తిట్లు రేపటికి ఉంచండి. మీ గుమ్మంలో నిలబడి పడతాను. ఇప్పుడు అయిదున్నర. ఫారాన్ని పిల్లకి వెనక్కి పంపిస్తాను. కాలేజీ పేరు దగ్గర తనకి ఏది కావాలో అది పెట్టుకుని మళ్ళీ నాకు పంపాలి. నా దగ్గరికొస్తేనే నేను ముందుకి పంపగలను, వేరే దారి లేదు.

…చెప్పను. ఏది పెట్టమనీ చెప్పను, ఒట్టు. ఫోన్ తనకివ్వండి.

…కీలీ, పంపేశాను. వచ్చిందా?… మెయిల్ చూడు… స్కూల్ది కాదమ్మా, నీ సొంతది… ఆ, అదే. లోపలికి వెళ్ళు.

…పాస్‌వర్డ్ తప్పంటోందా? మళ్ళీ కొట్టు, నెమ్మదిగా… ఎక్కడైనా రాసుకున్నావా?… వంటింట్లో, క్యాలెండర్ వెనకాల. వెళ్ళి చూడు… అయ్యో మోరీన్ గారు వెళ్తున్నారా, పరుగెత్తొద్దను, ఆవిడ మోకాళ్ళు—

…దొరికిందా. హమ్మయ్య.

…ఏంటి? అడుగు.

…ఆ, ఆస్విన్‌లో మూడేళ్ళూ గది ఇస్తారు. సెలవుల్లో కూడా ఖాళీ చెయ్యక్కర్లేదు… థార్న్ హాల్లో మొదటి ఏడాదే. తర్వాత బయట వెతుక్కోవాలి. ఇది నీకు తెలుసు, ఆ రోజు రైల్లో నువ్వే చెప్పావు నాకు. "తాళం వేసుకునే గది మిస్, నా ఒక్కదానికే" అన్నావు. ఆరేళ్ళుగా అమ్మమ్మ ఇంట్లో ముందు గదిలో సోఫా మీద పడుకుంటున్న పిల్లవి. అది విని కూడా, రెండు నెలలు తిరక్కుండా…

సరే, నేను నోరు మూసుకుంటాను. అమ్మమ్మకి ఒట్టేశాను. నువ్వు ఆలోచించుకో, లైన్లోనే ఉంటాను.

…

…

…ఇరవై నిమిషాలుంది ఇంకా. తొందర పెట్టడం లేదు, ఊరికే చెబుతున్నాను.

…

వచ్చింది. కీలీ, నా దగ్గరికి వచ్చింది. ఉండు, తెరవనీ.

…

ఆస్విన్.

…ఏం లేదు, ఏం లేదు. మంచిదమ్మా… అన్నీ ఉన్నాయి. ఉత్తరం ఉంది. ఇదిగో పంపుతున్నాను… తిరుగుతోంది… ఇంకా తిరుగుతోంది, ఇవాళ దేశమంతా దీని మీదే పడుంటుంది… రావే తల్లీ…

వెళ్ళింది!

వెళ్ళిందమ్మా. అయిదూ యాభై ఒకటి. "అందింది" అని వచ్చింది. స్క్రీన్ ఫొటో తీసి పంపిస్తాను, అమ్మమ్మకి చూపించు, నా మాట మీద నమ్మక్కర్లేదు… కేకు కొయ్యండి మరి.

…ఆ? హ్యారియట్‌కా?

…లేదు. దానికేమీ తెలీదు కీలీ, ఆ పిల్లనేం అనుకోకు. ఒకసారి నన్ను అడిగింది కూడా, "కీలీ నా కోసం తప్పుకోలేదు కదమ్మా" అని. నేనే, అబ్బే, థార్న్ హాల్ అంటే దానికి పిచ్చి ఇష్టం అన్నాను… అవును. అది రెండో అబద్ధం. లెక్కపెట్టుకో.

…బయట కార్లో కూర్చుంది, నా కోసమే. దాని ఫారం పోయిన వారమే వెళ్ళిపోయింది… నేనే చెప్పాలా?… ఇవాళే… ఇంటికెళ్ళాక అంటే? భోజనాలయ్యాక తీరిగ్గా—

…సరే. కార్లోనే. తాళం తిప్పకముందే చెబుతాను. ఆరున్నరకి నువ్వు దానికి ఫోన్ చేసేసరికి దానికి తెలిసుంటుంది… నాతో మాట్లాడదు. నాకు తెలుసు. నీకంటే బాగా తెలుసు నాకు దాని సంగతి. అయినా చెబుతాను.

…ఇంకోటి అడగాలా? అడుగమ్మా.

…

…మీ ఇద్దర్లో ఒక్కళ్ళకే వస్తే… ఎవరికి రావాలనుకుంటానా?

…

అది… చూడు కీలీ, ఇద్దరూ నా పిల్లల్లాంటి…

…

హ్యారియట్‌కి.

హ్యారియట్‌కే రావాలనుకుంటాను. నువ్వు తగినదానివని తెలిసి కూడా అదే అనుకుంటాను. నువ్వు ఇంటర్వ్యూలో ఉన్నంతసేపూ నేను ఇక్కడ కూర్చుని నీకు బాగా జరగాలని మొక్కుకోలేను. అలా మొక్కుకుంటానని చెప్పాలని ఉంది గానీ చెప్పలేను. క్షమించు.

…

…ఏంటి? గట్టిగా చెప్పు, వినపడలేదు.

…"ఇప్పుడు నమ్ముతున్నాను మిస్. ఫారం నిజంగానే వెళ్ళుంటుంది."

…ఆ. వెళ్ళింది తల్లీ. నిజంగానే వెళ్ళింది. నువ్వు…

హలో?… కీలీ?

…