తల్లి క్లోజప్

హీరో క్లోజప్ ఓకే అయింది. ఆయన మేకప్ తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. తల్లి వేషం వేస్తున్న నటి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కో-డైరెక్టరు కంగారుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

“లేవండక్కా. మీ క్లోజప్ ఒక్కటే మిగిలింది. కొడుకు డైలాగులు నేను చదువుతాగా!”

“ఇరవై ఎనిమిదేళ్లుగా లైటు స్టాండుల్ని చూసి ‘నాయనా’ అని ఏడుస్తున్నా తమ్ముడూ. ఆయన క్లోజప్‌కి గంటసేపు ఎదురుగా నిలబడి ఏడ్చాను. నాకోసం ఆయన రెండు నిమిషాలు నిలబడలేడా?”

“ఆయన్ని ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది. మీరు లేవకపోతే రేపు ఇంకో అమ్మని తెస్తామంటున్నారు.”

“తెచ్చుకోండి. ముందు ఆ మానిటర్లో చూడు. క్లోజప్‌లో ఆయన ఎటు చూస్తున్నాడు?”

“కుడివైపు.”

“ఇందాక ఇద్దర్నీ కలిపి తీసిన షాట్లో?”

అతను తెరను దగ్గరికి లాక్కున్నాడు.

“ఎడమవైపు... అయ్యబాబోయ్! రెండూ అతికిస్తే కొడుకు అమ్మని వదిలేసి గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది.”

“ఆయన క్లోజప్‌కి నన్ను కెమెరాకి అటుపక్క నిలబెట్టింది నువ్వే.”

“తెలిసీ నోరు మెదపలేదా అక్కా?”

“మూడొందల సినిమాలు చేశాను. సీరియళ్లు సరేసరి. అక్కడ నిలబడు, ఇక్కడ నిలబడు అన్నవాళ్లే గానీ, నువ్వేమంటావని అడిగినవాళ్లు లేరు.”

బయట హీరో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. కో-డైరెక్టరు గుమ్మం వైపు పరుగు తీశాడు.

“తమ్ముడూ! ఆయన రాగానే ముందు నా క్లోజప్ పెట్టు. ఆయనది తర్వాత.”