ముక్కు సన్నం చెయ్యాలట

అమెరికాలోని మాంట్‌గోమరీ, 1964. నల్లవాళ్ళ పేటలో శిల్పి వెర్బీనా షెడ్డు. చర్చి కోసం ఆమె చెక్కిన నల్లరాతి ఆడమనిషి విగ్రహం చుట్టూ చర్చి పెద్ద క్లీటస్ తిరుగుతున్నాడు.

"ముక్కు కాస్త సన్నం చెయ్యమన్నాను. అంతేగా."

"అంతేనా, క్లీటసన్నా? ఇందాక పాదాలు కూడా అన్నావు."

"పాదాలు కూడా. అవేం పాదాలు వెర్బీనా, పడవల్లాగా."

"తెల్లవాళ్ళకి సీటు వదలాల్సిన బస్సులెక్కేది లేదని మనవాళ్ళంతా పంతం పట్టినప్పుడు ఏడాది పైన నడిచిన పాదాలు. నాజూగ్గా ఎట్లా ఉంటాయి?"

"నాకు చెప్తున్నావా? అప్పట్లో ప్రతి సభలో మాట్లాడిందెవరు?"

"నువ్వే. కారులో వచ్చి."

"కారు చర్చిది."

"సరే, చర్చిదే."

"ఆదివారం ముసుగు తీస్తున్నాం. ఉత్తరాది నుంచి తెల్ల పాస్టర్లు వస్తున్నారు. వాళ్ళ ముందు, చర్చికొచ్చే ఆడవాళ్ళలా తల మీద టోపీ అయినా లేకుండా, కాళ్ళు బేసిన్లో పెట్టుకున్న పనిమనిషినా నిలబెట్టేది?"

"నిలబడలేదుగా. కూర్చుంది."

"వెటకారాలొద్దు. నువ్వు పేపర్లో రాసింది చాలు. మంగలి నా గడ్డానికి సబ్బు పూసి మరీ చదివి వినిపించాడు. మన పెద్దలకి నల్లరాయి కావాలి గానీ నల్లముక్కు వద్దట. ఎవరా పెద్దలు?"

"పేర్లు రాయలేదే. నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?"

"శనివారంలోగా ముక్కు తగ్గకపోతే ఇది చర్చి గడప తొక్కదు. నువ్వే ఉంచుకో."

"అన్నా, ఇంకెవరూ పెట్టుకోరు దీన్ని. నాకు నిజంగా భయమేస్తోంది."

"అయితే ఉలి పట్టు. ఈ మొహం ఎక్కడో చూసినట్టుంది, ఎవరిదో."

"టోపీ పెడితే గుర్తొస్తుందేమో. అయినా ఆవిణ్ణొక మాట అడగాలి."

"ఎవర్ని?"

"దీనికోసం కూర్చున్నావిణ్ణి. గురువారం గురువారం వచ్చేది, తెల్లవాళ్ళింట్లో పనికి సెలవు రోజున. బూట్లు విప్పి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, 'నా కొడుకు ఏనాడూ ఈ కాళ్ళ వంక చూళ్ళేదు, నువ్వైనా చూడవే' అనేది."

"ఎవడో దౌర్భాగ్యుడు."

"నేనూ అదే అనుకున్నా."

"మా అమ్మా గురువారాలు బయటికెళ్తుంది. ప్రార్థనకి."

"ఎవరింట్లో ప్రార్థనో అడిగావా ఎప్పుడైనా?"

"అడగడానికేముంది... వెర్బీనా, ఇవాళేం వారం?"

"గురువారమే. ఆ మూల తెర వెనక నీళ్ళ చప్పుడు వినిపించట్లేదా ఇందాకట్నుంచి?"

"అమ్మా?"

"ఆఁ, నేనేరా. ముందు నీ ముక్కు చెక్కించుకో. అది కూడా నా దగ్గర్నుంచి తీసుకెళ్ళిందే."