వదిలేసిన వాకిలి

పుస్తకాలు అట్ల బిగించి కట్టకండి టీచరమ్మా, అట్టలు వంగుతయి. ఏ.ఎస్. రావు నగర్‌ల మీ అక్క ఇంటికి పోతున్నరట గద. పోదురు గాని, ముందు నా మాట వినండి. మూడు దినాల సంది మీ గేటు కాడికొచ్చి వాపస్ పోతున్న. ఇయ్యాల లోపలికే వచ్చిన.

మీ ఆయన, దేవానందం సారు పండుకున్నరా? నెత్తికి ఎన్ని కుట్లు పడ్డయి?

మా బిక్షమే చేయించిండని మీకు తెలుసు, నాకు తెలుసు, సీతాఫల్‌మండి అంతటికీ తెలుసు. నా చెల్లె కొడుకు. నా చేతి బువ్వ తిని పెరిగినోడు. ‘పెద్దమ్మా, పండుగకు మన గల్లీల తలుపులన్నిటికీ స్వస్తికం వెయ్యాలె, నీ అంత సాఫ్‌గ ఎవరికొస్తది’ అన్నడు. మురిసిపోయిన. మురిపించే ముంచిండు నన్ను.

అక్షరాల కన్నా ముందు నా చేతికొచ్చింది అదే కద. ఏడేండ్లప్పుడు మా అమ్మ నా వేలు పట్టి వడ్ల గుమ్మి మీద వేయించింది. యాభై ఎనిమిదేండ్లకు మీ అరుగు మీద కూసొని పలక మీద ‘అ’ దిద్దిన నాడు, ‘రాజ్యమ్మా, నీ చేతికి గీత ముందే వచ్చు’ అన్నరు మీరు. స్వస్తి అంటే మేలు జరగాలని అర్థమని చెప్పింది సుత మీరే. అంతదాకా నాకేం ఎరుక? అమ్మ వేసింది, నేను వేసిన.

ఇరవై రెండు తలుపులు. పసుపు గీతలు, నాలుగు గదులల్ల నాలుగు కుంకుమ చుక్కలు. మీ తలుపొక్కటే వట్టిగ మిగిలింది.

మర్నాడు పట్టపగలే ఊరేగింపొచ్చింది. గుర్తున్న ఇంటి ముందు దండం పెట్టిన్రు. లేని ఇంటి మీద రాళ్లేసిన్రు. ఏ ఇల్లు ఎవరిదని ఒకరినొకరు అడుక్కునే పని సుత లేకపోయింది.

వాణ్ణి నిలేసి అడిగిన. ‘నువ్వేం చేసినవ్ పెద్దమ్మా, బొమ్మేసినవ్, అంతే’ అన్నడు, చాయ్ తాగుకుంట.

నిన్న బకెట్, బట్ట పట్టుకొని తుడవడానికి బయలెల్లిన. పక్కింటి విమలమ్మ అడ్డం నిలబడ్డది. గుర్తేం పాపం చేసింది, తుడిస్తే అరిష్టం అన్నది. కాలేజీల చదివే మా మనవరాలేమో, ‘వాళ్లు ఎత్తుకపోతే మనం వదులుకోవాల్నా నానమ్మా, ఇంకిన్ని వేసి వాపస్ తెచ్చుకోవాలె’ అన్నది. అది చెప్తుంటే నిజమే అనిపిస్తది. ఏదో పరాయి దేశంల సుత ఇసొంటి దాన్నే జెండాకెక్కించి లక్షల మందిని సంపిన్రట, పుస్తకంల చూపెట్టింది. ఆ జెండాకూ మా అమ్మ వడ్ల గుమ్మికీ ఏం చుట్టరికమో, ఎంత సేపు చూసినా నాకు సమజ్ కాలే.

దొంగ ఎత్తుకపోతే వాపస్ తెచ్చుకుంటం. నా చేతులార నేనే ఇస్తే ఎట్ల తెచ్చుకునేది? మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి.

అట్ల చూడకండి. సరే, అది చెప్పడానికే వచ్చిన.

టీచరమ్మ ఇల్లు వదిలెయ్యమని బిక్షం ముందే అన్నడు. మీ దేవుడు వేరు కద, మర్యాదకు అన్నడనుకున్ననని మూడు దినాల సంది గల్లీల అందరికీ చెప్పుకుంట తిరుగుతున్న. అబద్ధం. వాడి మొఖంల నవ్వు చూసిన. చూసి సుత ఎందుకని అడగలే.

మీరు గేటు కాడ నిలబడి, ‘మా తలుపుకు వెయ్యవా రాజ్యమ్మా, పాస్టరు గారికి నేను చెప్పుకుంటాలే’ అని నవ్విన్రు. యాదికున్నదా? పసుపు అయిపోయిందని చెప్పిన మీకు.

గిన్నెల ఇంకా సగం ఉండె.