పోలమ్మ తలుపు మీద నోటీసు

అల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో, చేపలమ్మే పోలమ్మ తలుపుకు పంచాయతీ సెక్రటరీ నోటీసు అంటించబోతే ఆమె అడ్డం నిలబడింది.

"ఏంది సార్ అది?"

"మీ మరుగుదొడ్డి గుంతకు అడుగు లేదక్కా, ఒట్టి సిమెంటు వరలే. మురికంతా ఇసకలోకి దిగతా ఉండాది. మూడు నెలల్లో అడుగున్న ట్యాంకు కట్టుకోవాల."

"ఆ వరలు దించింది మీ ఆఫీసోళ్లే కదా! ఇది ఇసక నేలయ్యా అని మా ఆయన మొత్తుకుంటే విన్నారా?"

"అప్పుడు నేను లేనక్కా. మీ బోరు నీళ్లు పరీక్ష చేయించినాం. తాగేదానికి పనికిరావు."

"అందుకేనా నా మనవరాలు వాంతులు, బేదులతో వారం ఆస్పత్రిలో పడుండింది?"

"అయ్యుండొచ్చక్కా."

"సరే, బిడ్డ కోసం కట్టుకుంటా. మరి ఆ రొయ్యల గుంటలోళ్లు రోజూ మురుగంతా కాలవలోకి వదులుతుండారే, వాళ్లకేదీ నోటీసు?"

"ఈ రూలు ఇళ్లకేనక్కా. వాళ్ల మీద నాకు అధికారం లేదు."

"అధికారం లేదా, ధైర్యం లేదా?"

అతను నోటీసు తలుపుకు అంటించాడు.

"ఇంకో కాయితం తియ్యండి. వాళ్లు చేసేదంతా రాయండి. ఊరంతా సంతకాలు పెడతాం."

"పైవాళ్లు నన్ను నిలదీస్తారక్కా."

"పోలమ్మ రాయించిందని చెప్పండి."

అతను మెట్టు మీద కూర్చుని పెన్ను తీశాడు.

"మీ పేరు ఇంటిపేరుతో చెప్పండక్కా."